ఆసుపత్రి లెక్క ఊరి ముందు చెప్పాలి

రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులకు, వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, శాసనసభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఊళ్లలో, బస్తీల్లో, ఏజెన్సీ గూడేల్లో ఆరోగ్యం కోసం జనాన్ని కూడగట్టే పనిలో ఉన్న వేలాది మందిలో ఒకరిగా ఈ లేఖ రాస్తున్నాను. కొత్త ఆసుపత్రి కట్టమని గానీ, కొత్త పథకం ప్రకటించమని గానీ అడగడానికి రాయడం లేదు. ఇప్పటికే ఉన్న ఆసుపత్రి, ఇప్పటికే నడుస్తున్న పథకం ఏడాదికోసారైనా జనం ముందుకొచ్చి తమ లెక్క చెప్పాలి. ఆ చెప్పడం ఎవరి దయ మీదా ఆధారపడకుండా చట్టంగా రావాలి. నా విన్నపం ఇంతే.

ముందుగా మీకు ఒక సంవత్సరాన్ని గుర్తు చేస్తాను. 1996.

ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నికల సంఘం అక్కడ పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ అభ్యర్థుల్లో ఎక్కువమందికి పార్లమెంటుకు వెళ్లాలన్న ఆశ లేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి నడుములు వంగిపోయిన తల్లిదండ్రులను, కాళ్లు వంకర్లు తిరిగిన పిల్లలను ఇంట్లో పెట్టుకుని, ఎన్ని అర్జీలిచ్చినా ఎవరూ పట్టించుకోకపోతే, జల సాధన సమితి ఉద్యమ పిలుపుతో నామినేషన్ పత్రాన్నే ఫిర్యాదు పత్రంగా వాడుకున్నారు. వాళ్లడిగింది కృష్ణా నీళ్లు. తాగడానికి పనికొచ్చే నీళ్లు.

అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్లో వ్యవసాయ కార్మికుల సంఘం సభ్యుడు హకీం షేక్ 1992లో రైల్లోంచి జారిపడ్డాడు. తలకు తీవ్రంగా దెబ్బ తగిలింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి ఇంకో ప్రభుత్వ ఆసుపత్రికి తిప్పారు. పడకలు లేవన్నారు, సౌకర్యాలు లేవన్నారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టి బతికాడు. ఆయన ఒక్కడే అయితే కథ అక్కడితో ముగిసేది. ఆయన సంఘం కోర్టుకెక్కింది. అత్యవసర సమయంలో ప్రభుత్వ ఆసుపత్రి వైద్యం అందించకపోతే రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించినట్టేనని, డబ్బుల్లేవన్న సాకుతో ప్రభుత్వం ఆ బాధ్యత నుంచి తప్పుకోలేదని కోర్టు తేల్చింది. 25,000 రూపాయల పరిహారం ఇమ్మంది.

అదే ఏడాది డిసెంబరులో షెడ్యూల్డు ప్రాంతాల కోసం పెసా చట్టం వచ్చింది. అందులో ఒక మాట ఉంది: సామాజిక రంగాలన్నిటిలోని సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలి. ఏజెన్సీలో ఉన్న ఆరోగ్య ఉపకేంద్రం ఆ మాట కిందికే వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ (పీహెచ్‌సీ) అంతే.

ఒకే ఏడాదిలో జనం అడిగారు, న్యాయస్థానం చెప్పింది, పార్లమెంటు రాసింది. ఆ తర్వాత దాదాపు ఒక తరం గడిచిపోయింది. ఇవాళ మన రాష్ట్రాల్లో ఏ మండలంలోనైనా సరే, ఊరంతా కలిసి పీహెచ్‌సీ ముందు నిలబడి "షుగరు మాత్రలు నెల నుంచి ఎందుకు లేవు? కాన్పు గదిలో మా దగ్గర డబ్బులు ఎందుకు గుంజుతున్నారు? డాక్టరు గారిని డిప్యుటేషన్ మీద పంపేసి ఆరు నెలలైంది, ఇంకొకరు ఎప్పుడొస్తారు?" అని అడిగితే, ఫలానా రోజులోగా ఫలానా అధికారి జవాబు చెప్పి తీరాలన్న ఏర్పాటు ఉందా? ఉంటే ఆ ఊరి పేరు చెప్పండి. మేమే వెళ్లి చూసి, మిగతా ఊళ్లకు ఆ దారి చూపిస్తాం.

అడిగే చోటు లేనప్పుడు జనం ఏం చేస్తారో మీకు తెలుసు. శవాన్ని ఆసుపత్రి గేటు ముందు పెట్టి కూర్చుంటారు. రోడ్డెక్కుతారు. నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తూ ఫోనులో వీడియో తీస్తారు. వీడియో నలుగురూ చూస్తే మర్నాడు ఐటీడీఏ అధికారి వస్తారు, రోడ్డుకు ప్రతిపాదన వెళుతుంది. వీడియో తీసే ఫోను లేని గూడెం సంగతేమిటి? సిగ్నలు లేని కొండ సంగతేమిటి? అల్లూరి సీతారామరాజు జిల్లాలో 2025లో "అడవి తల్లి బాట" పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్లు వేసే పని మొదలైంది. మంచిదే, స్వాగతిస్తున్నాం. కానీ ఏ గూడేనికి ముందు రోడ్డు కావాలో, వానాకాలంలో ఏ వాగు ఎన్నాళ్లు దాటలేరో, నెలలు నిండిన తల్లులను ఏ ఊరి నుంచి ముందుగానే వసతి గృహానికి తీసుకురావాలో ఆ గూడేల్లోని ఆడవాళ్లకు తెలిసినంత ఏ కార్యాలయానికీ తెలియదు. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒకటి అన్నది లెక్క. పది ఇళ్లు ఒక కొండ మీద, పన్నెండు ఇళ్లు ఇంకో కొండ మీద ఉన్నచోట తలల లెక్క సరిపోతుంది గానీ నడక లెక్క సరిపోదు. ఆ నడక లెక్క చెప్పగలిగినవాళ్లను ఎవరూ పిలిచి అడగడం లేదు.

మన నేల మీద ప్రజారోగ్యంలో వచ్చిన పెద్ద మార్పుల వెనక ఎవరున్నారో ఒకసారి చూడండి. ఎముకలను వంచేసే ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే రాశారు. వాళ్లు చూసింది అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో కలిసిన ప్రాంతంలో. అంటే తెలుగు నేల మీదే. శాస్త్రం చెప్పి దాదాపు అరవై ఏళ్లయ్యాక కూడా నల్లగొండ జనం నామినేషన్లు వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్లకు, తెలంగాణ వచ్చాక, మిషన్ భగీరథ మొదలైంది. కనిగిరి వైపు రక్షిత నీటి కోసం జనం ఇంకా గొంతెత్తుతూనే ఉన్నారు. జబ్బు ఏమిటో తెలుసు, కారణం తెలుసు, విరుగుడు కూడా తెలుసు. లేనిదల్లా ఆ విరుగుడు ఎందుకు రాలేదని అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి.

సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ల దగ్గర మొదలైంది. తాగుడు వల్ల తమ ఇళ్లలో ఏం జరుగుతోందో వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకున్నాక ఊరుకోలేదు, సారా దుకాణాలను అడ్డుకున్నారు. ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకు పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆడవాళ్ల ఒంటి మీద పడుతున్న దెబ్బలు, పిల్లల కంచంలో తగ్గిపోతున్న అన్నం ప్రజారోగ్య సమస్యేనని ముందు చెప్పింది ఆ తల్లులు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇంటింటా మనుషులు రాలిపోతున్న సంగతిని ముందు లెక్కపెట్టింది ఆ ఊళ్లవాళ్లూ, వాళ్ల మధ్య పనిచేసిన స్థానిక వైద్యులూ. ఏళ్ల తరబడి వాళ్లు మొత్తుకున్నాకే డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, బాధితులకు పింఛన్లొచ్చాయి, హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరుచుకున్నాయి. జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. తేలేదాకా అక్కడి ప్రతి ఇంటికీ ఒక ప్రశ్న ఉంటుంది: మా నీళ్లకు, మా రక్తానికి చేసిన పరీక్షల్లో ఏం తేలింది? ఆ ఫలితాలను ఊరి మధ్య కూర్చుని తెలుగులో వివరించాల్సిన బాధ్యత ఎవరిది?

అడగకుండా, చెప్పకుండా చేస్తే ఏం జరుగుతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక ప్రాజెక్టు కింద భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో చదువుకుంటున్నవాళ్లు. టీకాలు తీసుకున్నవాళ్లలో కొందరు చనిపోయారన్న వార్తలు రావడంతో మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు అక్కడికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ ఎందరో పిల్లల తరఫున అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన విషయం బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఆ టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ చర్చ కాదు. క్యాన్సర్‌ను అడ్డుకునే సాధనంగా ఎన్నో దేశాలు దాన్ని వాడుతున్నాయి, మన ఆడపిల్లలకూ అది అందాలి. నేను అడిగేది వేరు. ఆ టీకా వేసేముందు గూడెంలో ఒక సభ పెట్టి, కోయ తల్లులకు వాళ్ల భాషలో విషయం చెప్పి, వాళ్ల సందేహాలు తీర్చి, వాళ్ల చేత సంతకమో వేలిముద్రో వేయించుకుని ఉంటే అంత అనుమానం పుట్టేదా? తల్లిని పక్కన పెట్టిన రోజునే టీకా మీద నమ్మకం పోయింది. మంచి వైద్యం కూడా జనాన్ని దాటేసి రాకూడదు.

ఇక్కడే మీకు మన సొంత అనుభవాన్ని గుర్తు చేయాలి. ఊరి ముందు లెక్క చెప్పించడం మనకు తెలియని విద్యేం కాదు. మొదలైంది రాజస్థాన్‌లోనే అయినా, పద్ధతిగా నడిపి దేశానికి నేర్పింది మనమే.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంగఠన్ 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జన్ సున్వాయీ (బహిరంగ విచారణ) పెట్టింది. ప్రభుత్వ బిల్లులు, మస్టర్ రోళ్లు ఊరి ముందు గట్టిగా చదివి, పనిచేసినట్టు రాసినవాళ్లు నిజంగా చేశారా అని అడిగారు. ఆ ఉద్యమం నుంచే సమాచార హక్కు చట్టానికి దారి పడింది. ఆ స్ఫూర్తితోనే 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభ సామాజిక తనిఖీ చేరింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలోనే మొదటిసారి అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ వెంటనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా పద్ధతిగా నడిపింది. దానికోసం విడిగా ఒక సంస్థను పెట్టింది. ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. చివరిరోజు మండల కేంద్రంలో ప్రజావేదిక. మైకు ముందుకు కూలీ వచ్చి "నేను పది రోజులు చేశాను, నాకు ఆరు రోజులే వేశారు" అని చెప్పేది. ఫీల్డ్ అసిస్టెంటు, ఎంపీడీవో అక్కడే జవాబు చెప్పేవారు. తిన్న సొమ్ము కక్కించిన సందర్భాలున్నాయి. లోపాలూ ఉన్నాయి; రికవరీలు మిగిలిపోయాయి, కొన్నిచోట్ల తూతూమంత్రంగా జరిగింది. అయినా ఒక కూలి మనిషి అధికారి కళ్లలోకి చూసి లెక్క అడగొచ్చన్న సంగతి మన ఊళ్లకు తెలిసింది. దేశం నలుమూలల నుంచి వచ్చి మన దగ్గర నేర్చుకుని వెళ్లారు.

మట్టి పని లెక్కను ఊరి ముందు చదివించిన మనం, మందుల లెక్కను ఎందుకు చదివించలేం? మస్టర్‌ను విప్పిన చోట ఆసుపత్రి స్టాకు రిజిస్టరును ఎందుకు విప్పలేం? జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2007లో ఆరోగ్య సేవలపై జనం పర్యవేక్షణను ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు తొమ్మిది రాష్ట్రాలను ఎంచుకుంది. ఉపాధి పనిలో దారి చూపిన ఆంధ్రప్రదేశ్ ఆ తొమ్మిదింటిలో లేదు. ఆ లోటు రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చింది.

ఆ తొమ్మిదింటిలో మహారాష్ట్ర ఈ పనిని గట్టిగా పట్టుకుంది. పుణె, ఠాణే, నందుర్బార్, అమరావతి, ఉస్మానాబాద్ జిల్లాలతో మొదలైంది. ఊరి కమిటీలు తమకు అందుతున్న సేవలను తామే పరిశీలించి, బాగుంటే ఆకుపచ్చ, ఓ మాదిరిగా ఉంటే పసుపు, బాగోలేకపోతే ఎరుపు రంగుతో పట్టిక తయారు చేశాయి. ఆ పట్టికను ఊళ్లో అందరికీ కనిపించేలా పెట్టారు. ఆ తర్వాత పీహెచ్‌సీ స్థాయిలో, తాలూకా స్థాయిలో, జిల్లా స్థాయిలో బహిరంగ విచారణలు జరిగాయి. బయట మందులు కొనుక్కోమని రాసే చీటీలు, రాని డాక్టర్లు, అక్రమ వసూళ్లు అక్కడ పేర్లతో సహా చర్చకొచ్చాయి. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆసుపత్రి సిబ్బంది కష్టాలు కూడా అక్కడే బయటికొచ్చాయి.

మేఘాలయ ఒకడుగు ముందుకు వేసి 2017లో ప్రభుత్వ సేవల సామాజిక తనిఖీకి ప్రత్యేకంగా చట్టమే చేసింది. మనకన్నా ఎంతో చిన్న రాష్ట్రం, మనకన్నా తక్కువ ఆదాయం. బ్రెజిల్‌లో నియంతృత్వం పోయాక జన ఉద్యమాల ఒత్తిడితో 1988 రాజ్యాంగంలో ఆరోగ్యాన్ని ప్రజల హక్కుగా, ప్రభుత్వ బాధ్యతగా రాసుకున్నారు. 1990లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ఆరోగ్య మండళ్లలో సగం స్థానాలు వైద్యం పొందేవాళ్లవి. ఊరి స్థాయి నుంచి దేశ స్థాయి దాకా అదే పద్ధతి.

మన దగ్గర కమిటీలకు కొదవ లేదు. కాగితం మీద గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉంది. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ఉంది. మీ నియోజకవర్గంలో ఏ ఊరికైనా వెళ్లి, ఆ కమిటీలో సభ్యులెవరని అడగండి. సభ్యులకే తెలియని కమిటీలు మీకు ఎదురవుతాయి. ఆసుపత్రి కమిటీకి చాలాచోట్ల ఎమ్మెల్యే గారే అధ్యక్షులు. అంటే లెక్క అడగాల్సిన కుర్చీలో లెక్క చెప్పాల్సిన ప్రభుత్వ పక్షమే కూర్చుంటోంది.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను.

"వైద్యం సంగతి జనానికేం తెలుసు?" అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరాలో ఇనుప గనుల కార్మికుల నాయకురాలు కుసుమ్ బాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని ఆ కార్మిక సంఘం ఏడ్చి ఊరుకోలేదు. 1977 కాల్పుల్లో చనిపోయిన తమ సహచరుల పేరు మీద, తమ చందాలతో, తమ రెక్కల కష్టంతో 1983లో షహీద్ ఆసుపత్రి కట్టుకుంది. కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు. గని తవ్వే చేతులు ఆసుపత్రిని నడిపాయి. ఏ మందు రాయాలో డాక్టరుకు చెబుతామని మేమనడం లేదు. మందు ఉందా లేదా, డబ్బు అడిగారా లేదా, మనిషిని మనిషిగా చూశారా లేదా అన్నది చెప్పడానికి వైద్య పట్టా అక్కర్లేదు.

"డాక్టర్ల మీద దాడులు పెరుగుతాయి" అంటారు. దాడులను మేం సమర్థించం. ఎవరు చేసినా తప్పే. కానీ ఆ కోపం ఎక్కడ పుడుతోంది? మాట చెల్లని చోట పుడుతోంది. రాత్రి రెండు గంటలకు నలుగురు డాక్టర్లు చేయాల్సిన పనిని ఒక్క జూనియర్ డాక్టరు చేస్తుంటే, ఆ ఖాళీలను భర్తీ చేయని ప్రభుత్వం కనబడదు, ఎదురుగా ఉన్న ఆ డాక్టరే కనబడతారు. ప్రజావేదిక మీద "నాకు కేటాయించిన నర్సులు ఇంతమంది, ఉన్నది ఇంతమంది" అని ఆ డాక్టరు చెప్పగలిగితే జనం కోపం వెళ్లాల్సిన చోటికి వెళుతుంది. సామాజిక తనిఖీ సిబ్బందికి కవచం. దాన్ని అడిగేవాళ్లలో వాళ్లూ ఉండాలని మా కోరిక.

"ఫోనులో అభిప్రాయం తీసుకుంటున్నాం, యాపు ఉంది, టోల్‌ఫ్రీ నంబరు ఉంది" అంటారు. ఒంటరిగా ఫోనెత్తిన మనిషి భయపడుతుంది. రేపు మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లాలి, అదే నర్సమ్మ చేతిలో సూది వేయించుకోవాలి. బాగుందంటే ఒకటి నొక్కండి అన్నప్పుడు ఒకటే నొక్కుతుంది. పదిమంది ఆడవాళ్లు పక్కన ఉన్నప్పుడు అదే మనిషి, కాన్పుకు ఎంత ఇచ్చిందో, ఎవరికి ఇచ్చిందో చెబుతుంది. యంత్రం సగటు లెక్క తీస్తుంది. దళితవాడలో ఏఎన్ఎం గడప తొక్కడం లేదన్న మాట ఆ సగటులో మునిగిపోతుంది.

"ప్రైవేటు ఆసుపత్రులు ఒప్పుకోవు" అంటారు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైననాటి నుంచి జనం సొమ్ము పెద్ద ఎత్తున ప్రైవేటు ఆసుపత్రులకు వెళుతోంది. ఎందరో పేదల ప్రాణాలు ఆ పథకం కాపాడింది, కాదనం. కానీ డబ్బు ఉన్నచోట అక్కర్లేని ఆపరేషన్ల ప్రమాదమూ ఉంటుంది. గర్భసంచి తొలగింపుల మీద ఆందోళన రేగాక, ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. రాజస్థాన్, బిహార్, ఛత్తీస్‌గఢ్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద వైద్యుడు నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యంలో, మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ముప్పై ఏళ్ల వయసులో గర్భసంచి పోగొట్టుకున్న కూలి మనిషికి తన కేసు షీటు చూపించమని అడిగే వీలు ఎక్కడుంది? ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి ఆసుపత్రీ తనిఖీకి తలుపు తెరవాలి. ఇష్టం లేకపోతే ఆ సొమ్ము తీసుకోనక్కర్లేదు.

రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ప్రైవేటు డాక్టర్లు వీధుల్లోకొచ్చారు, ప్రభుత్వం రాజీపడింది, చట్టం పుస్తకంలోకి ఎక్కాక కూడా దాన్ని నడిపే నిబంధనలు వెలువడక నిలిచిపోయింది. ఆ అనుభవం మాకు ఒక పాఠం నేర్పింది. హక్కు అని రాసినంత మాత్రాన సరిపోదు. ఆ హక్కు అందలేదని ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు, ఎన్ని రోజుల్లో తేల్చుకోవాలో కూడా చట్టంలోనే రాయాలి.

ఆశా కార్యకర్తల గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. ఊరికీ ఆసుపత్రికీ మధ్య నడుస్తున్నది వాళ్లే. కరోనా రోజుల్లో మనమంతా తలుపులేసుకుంటే వాళ్లు తలుపులు తట్టారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లను సత్కరించింది. కానీ వాళ్లకు ఉద్యోగి హోదా లేదు, గౌరవ వేతనమే ఉంది. ఇంకొకరి కాన్పు కోసం రాత్రి వేళ 108 ఎక్కే ఆశా తల్లికి, తన కాన్పుకు జీతంతో సెలవు ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో గానీ రాలేదు. 180 రోజుల ఆ సెలవు, గ్రాట్యుటీ ఏళ్ల ధర్నాల ఫలితం. తెలంగాణలో స్థిర వేతనం కోసం వాళ్లు సమ్మెలు చేశారు, అరెస్టులు చూశారు. ఊరి ఆరోగ్యం మీద అందరికన్నా ఎక్కువ తెలిసిన ఈ ఆడవాళ్లకు ఇవాళ యాపులో వివరాలు నింపడమే ప్రధాన పనైంది. వాళ్లు ప్రజావేదికలో నిర్భయంగా మాట్లాడగలగాలి. మాట్లాడినందుకు మర్నాడు మెమో రాకూడదు.

కాబట్టి, రెండు ప్రభుత్వాలనూ మేం అడిగేవి ఇవి.

ఒకటి. ఆరోగ్య సేవల సామాజిక తనిఖీ చట్టం తీసుకురండి. ఉపకేంద్రం నుంచి బోధనాసుపత్రి దాకా, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రైవేటు ఆసుపత్రులతో సహా, ఏడాదికోసారి తనిఖీ జరగాలి. తనిఖీ చేసే సంస్థ ఆరోగ్య శాఖ కింద ఉండకూడదు. రోగుల వ్యక్తిగత వివరాల గోప్యతకు చట్టంలోనే రక్షణ ఉండాలి.

రెండు. ఆరు నెలలకోసారి ప్రతి పీహెచ్‌సీలో, ఏరియా ఆసుపత్రిలో ప్రజావేదిక జరగాలి. అక్కడ వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ గడువు లోపల రాతపూర్వక జవాబు రావాలి. తీసుకున్న చర్యలను తర్వాతి ప్రజావేదికలో ముందుగా చదివి వినిపించాలి. ఏజెన్సీలో అక్కడి భాషల్లో జరగాలి.

మూడు. ఆసుపత్రి కమిటీల్లో సగం స్థానాలు వైద్యం పొందేవాళ్లకు ఇవ్వాలి. అందులో దళిత, ఆదివాసీ మహిళలకు, వికలాంగులకు, దీర్ఘకాలిక రోగులకు చోటుండాలి. అధ్యక్ష స్థానంలో ఎమ్మెల్యేలు ఉండకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో పెసా ఇప్పటికే ఇచ్చిన అధికారాన్ని గ్రామసభలు ఆరోగ్య కేంద్రాల మీద ఎలా వాడుకోవాలో స్పష్టమైన ఉత్తర్వులివ్వాలి.

నాలుగు. ప్రతి మాతృమరణం మీద జరిగే సమీక్షలో ఆ కుటుంబం మాట వినాలి. ఎక్కడ ఆలస్యమైంది, ఎందుకైంది అన్నది, పేర్లు బయటపెట్టకుండా, జిల్లా స్థాయిలో ప్రకటించాలి.

ఐదు. ప్రజావేదికలో మాట్లాడినవాళ్లకు, వాళ్లు రోగులైనా, ఆశాలైనా, నర్సులైనా, డాక్టర్లైనా, చట్టపరమైన రక్షణ ఉండాలి. ఆరోగ్య సమస్యల మీద శాంతియుతంగా నిరసన తెలిపినవారిపై పెట్టిన కేసులను ఎత్తివేయాలి.

వీటికి భారీ బడ్జెట్టు అక్కర్లేదు. సామాజిక తనిఖీ తెలిసిన వేలాది యువతీయువకులు మన ఊళ్లలోనే ఉన్నారు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లున్నారు. సమాచార హక్కు చట్టం ఉంది, పెసా ఉంది, సుప్రీంకోర్టు తీర్పుంది. కావాల్సింది జనం ముందు కూర్చుని వినడానికి సిద్ధపడే ప్రభుత్వం.

ఈ ముప్పై ఏళ్లలో ఎన్నో ప్రభుత్వాలు మారాయి. ఆరోగ్య పథకాల పేర్లు మారాయి, కార్డుల మీద బొమ్మలు మారాయి. ఇచ్చేవాళ్లు మారారు గానీ, పుచ్చుకునేవాళ్లు నోరు మెదపకూడదన్న పద్ధతి మారలేదు. వైద్యం మీరిచ్చే బహుమతి అయితే మేం దండం పెట్టి ఊరుకోవాలి. జీవించే హక్కులో అది భాగమని సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది గనక, లెక్క అడుగుతున్నాం.

రానున్న శాసనసభ సమావేశాల్లో ఈ బిల్లు పెట్టండి. ముసాయిదా రాయడానికి పిలిస్తే మా సంఘాల నుంచి వస్తాం. వైద్యులు, నర్సులు, న్యాయవాదులు, ఆశాలు, రోగులు మాతో ఉంటారు. బిల్లు వచ్చేదాకా మేం ఊరుకోం. మా శక్తి మేరకు మండలాల్లో మేమే ప్రజావేదికలు పెడతాం, ఆసుపత్రుల రిజిస్టర్లను సమాచార హక్కు కింద అడిగి తెచ్చి ఊరి ముందు చదువుతాం. ప్రతి వేదికకూ స్థానిక ఎమ్మెల్యేను, జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని రాతపూర్వకంగా ఆహ్వానిస్తాం. మీరు రండి. జనం చెప్పేది పూర్తిగా వినండి. విన్నదానికి జవాబు అక్కడే, ఆ మైకులోనే చెప్పండి.

గౌరవంతో,
ప్రజారోగ్య ఉద్యమంలోని ఒక కార్యకర్త